పలకకూడని చోట

నిస్త్రు నదికి కోసెడు దూరంలో
కోత అయిపోయిన పొద్దుతిరుగుడు చేను.
మొండి కాడలు బూట్లను గీరుతున్నాయి.
ఇక్కడే ఒక గొయ్యి కావాలన్నాను:
నిలువు లోతు,
ఎండ పడే వైపు గోడ నున్నగా.

తవ్వడానికి వచ్చినవాడు ఎఫ్తీమీ.
ఊళ్లో సమాధులు తవ్వేదీ అతనే.
"పడుకోబెట్టడానికి కాక నిలబడి చూడ్డానికి
గొయ్యి అడిగింది నువ్వే మొదలు" అన్నాడు,
అరచేతుల్లో ఉమ్ముకుని, పార అందుకుంటూ.

నా పుస్తకంలో పొరలకు అక్షరాలున్నాయి.
అతని లెక్క ఒంటి మీదే ఉంది.

చీలమండ దాకా వేళ్ల చాప.
పారకు చుట్టుకుని ఒక పట్టాన వదలదు.
ఎత్తి దులిపితే వానపాము ఒకటి
వెలుగు గిట్టక మళ్లీ లోపలికి.

మోకాలి దాకా, తొడ దాకా నలుపు.
పిడికిట నొక్కి విడిస్తే
జొన్నగింజల్లా విడివిడిగా రాలే నలుపు.
బెత్తెడు పోగవడానికి ఎన్నేళ్లని అడిగాడు.
వెయ్యి అన్నాను, తక్కువ చెప్పానేమో.
"మరి మావాడు ట్రాక్టరుతో ఒక్క పొద్దుటే..."
అంటూ మిగతా మాట మింగేశాడు.

నడుము దగ్గర నలుపు అలిసిపోతుంది.
గోధుమరంగు తేలుతుంది, ఆ కింద పసుపు.
పసుపులో అక్కడక్కడ
గుండ్రంగా పిడికెడేసి నల్ల మచ్చలు.
"గుడ్డి ఎలుక బొరియలు. పైమట్టి రాలి పూడాయి."
దానికీ నా పుస్తకంలో ఒక పేరుంది.
అతను చెప్పిందే రాసుకున్నాను.

రొమ్ము లోతున తెల్లటి సన్న దారాలు, సున్నం.
సీసా తీసి ఆమ్లం ఒక్క బొట్టు వేశాను.
మట్టి సుయ్యిమంది.
ఎఫ్తీమీ వంగి చెవి ఆనించాడు.
"నలభై ఏళ్లుగా తవ్వుతున్నాను,
ఇది పలుకుతుందని ఎవరూ చెప్పలేదు."

నేను చెప్పాను:
వాన సున్నాన్ని కరిగించి
కిందికి మోసుకెళ్లి దాచుకుంటుంది.
అందుకే పైన పలకదు, అడుగున పలుకుతుంది.

మధ్యాహ్నం గోడ చెక్కుతూ ఎడమ మూలకు వచ్చాను.
మోకాటి లోతు. అలవాటుగా ఒక బొట్టు.

సుయ్యిమంది.

జానెడు పక్కన ఇంకో బొట్టు. మళ్లీ.
పసుపు పెళ్లలు, నల్ల పెళ్లలు,
తెగిన సున్నం దారాలు అడ్డదిడ్డంగా.
ఎవరో ఆదరాబాదరాగా
చేతికి వచ్చింది వచ్చినట్టు పూడ్చేసినట్టు.
"గుడ్డి ఎలుకే" అన్నాను.

ఎఫ్తీమీ కత్తి తీసుకుని
అంచు వెంట మెల్లగా గీరుతూ పోయాడు.
"ఎలుక గుండ్రంగా తవ్వుతుంది.
దీనికి మూల ఉంది."
టోపీ తీశాడు.

చేను అగాఫియాది. కబురు పెడితే వచ్చింది,
ఈనెలు తీస్తున్న చిక్కుడుకాయల గిన్నెతో సహా.
గోడను చూసింది. నన్ను చూడలేదు.
"కరువు ఏడు నాకు నాలుగేళ్లు.
తమ్ముడు ఈ చేన్లో ఎక్కడో ఉన్నాడనేది అమ్మ.
ఎక్కడో అని మాత్రమే అనేది.
స్మశానం దాకా మోసే ఓపిక లేక."

ఎఫ్తీమీ మూల మీద చెయ్యి పెట్టి
కిందికి కొలుచుకుంటూ వెళ్లాడు,
మోకాలు, నడుము, రొమ్ము,
పసుపు మట్టి దాకా.
"ఓపిక లేనివాళ్లు తవ్విన లోతా ఇది?"

ఎవరం ఏమీ అనలేదు.
డెబ్బై ఏడేళ్లుగా వానలు పడుతూనే ఉన్నాయి.
ఆ గుప్పెడు సున్నాన్ని మళ్లీ కిందికి దించడం
వాటికి ఇంకా కుదిరినట్టు లేదు.

ఆ మూల ముట్టుకోలేదు.
నమూనా సంచి మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఎఫ్తీమీ పార పట్టి నా వైపు తిరిగాడు:
"మామూలుగా అయితే కలిపి పూడ్చేస్తాను.
ఇవాళ నువ్వు చెప్పు, ఏది ముందు?"
పసుపు అన్నాను. తర్వాత గోధుమ. నలుపు.
వేళ్ల చాప చివర్న.

"ఆగు" అంది అగాఫియా.
గిన్నె గట్టు మీద పెట్టి,
ఎఫ్తీమీ భుజం పట్టుకుని గోతిలోకి దిగింది.
"ఆ సీసాలోది ఇంకొక్క బొట్టు వేస్తావా,
ఈ చెవి సరిగ్గా వినపడదు,
ఇటువైపు వెయ్యి."