క్రేన్

గోవన్‌లో పొద్దున ఏడింటికి
సెంగా టీకొట్టు అద్దాలకి ఇంకా ఆవిరే.
ఒకే ఫోన్ మీద వంగిన నలుగురు ముసలాళ్ళు,
తెర మీద పదహారు మాటలు.
నాలుగేసి చొప్పున జత చెయ్యాలి,
నాలుగు తప్పులైతే ఆట సరి.

"క్రేన్, పుల్లీ, హుక్, వించ్. ఇంకా చూస్తావేం, నొక్కు!"
అన్నాడు డూగల్. ముప్ఫయ్యొక్కేళ్ళు
దాని నెత్తిన కూర్చుని
ఓడల ముక్కల్ని గాల్లో నడిపించినవాడు.
తప్పు.

పుల్లీ తీసి చెయిన్ పెట్టారు. తప్పు.
"ఒక్కటే తేడా అంటోంది," గొణిగాడు ఆర్చీ.
"నాకు చెప్తుందా ఇది? క్రేన్ గురించి? నాకు?"
వించ్ మీద పడింది కోపం, దాన్నీ తీసేశాడు.
మూడో తప్పు.

కప్పులు తుడుస్తూ, తల తిప్పకుండానే సెంగా:
"స్వాన్, రాబిన్, ఈగల్ ఒంటరిగా ఉన్నాయి చూడు.
క్రేన్ పక్షి కూడాను కదయ్యా."

ఎవరూ మాట్లాడలేదు.
డూగల్ కోటు చేత్తో అద్దం తుడిచాడు.
క్లైడ్ ఒడ్డున అది
ఏదీ ఎత్తక, ఎటూ ఎగరక
ఏళ్ళ తరబడి కొంగజపం చేస్తోంది.

ఆఖరి నాలుగు మాటల చుట్టరికం
ఎవరికీ అంతుపట్టలేదు.
మిగిలాయి కనక కలిశాయి.

"నాలుగు టీలేగా?" అంది సెంగా.