సరిచూసినవారు

నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్కేళ్లు
పరాయి పొలాల కాలవలకు గీతలు గీశాను.
రిటైరైన మూడో నెలలో
నా మేడ మీది తోటకి నేనే ప్లాను గీసుకున్నాను,
ట్రేసింగు కాగితం మీద, యాభైకి ఒకటి కొలతలో,
ఉత్తరం బాణంతో సహా.

తూర్పు పిట్టగోడ వెంట ఆకుకూరల తొట్లు.
పడమట పందిరి: ఆనప, బీర, పొట్ల.
నట్టనడుమ ఆరడుగుల చదరం ఇటుక మడి,
వంగకీ టమాటాకీ, అడుగున్నర లోతు.
కాగితం మీద మట్టికి బరువుండదు.

మట్టి ఎత్తడానికి తవిటమ్మ వచ్చింది, బలగ నుంచి నడిచి.
ఆఖరి మెట్టెక్కి, తలమీది తట్ట దించకుండానే
నేను సుద్దతో గీసిన చదరం చూసింది.
"ఇదేటి సారూ? ఇక్కడెట్టకండి.
దీని కింద దూలం లేదు.
దూలం అదిగో, అటునుంచి ఇటెల్తాది.
మీ స్లాబు మోసింది నానే కదా,
మరిసిపోనారేటి?"

మరిచిపోవాలంటే ముందు తెలిసుండాలి.
దూలాన్ని పీవోపీ సీలింగు కప్పేసింది, గులాబీ పూల అంచుతో.
ఆమెని ఏదీ కప్పలేదు.
పంతొమ్మిదేళ్ల కిందట ఆ రోజు
కింద వేపనీడలో కుర్చీ వేసుకుని
సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నాను.
తొంభై నాలుగు. అది గుర్తుంది.
నిచ్చెన పొడుగునా నిలబడ్డ ఆడవాళ్లలో
ఒక్క ముఖమూ లేదు నా దగ్గర.

పాదంతో చూపిస్తూ నడిచింది:
పొద్దుట ఇక్కడ మొదలెట్టినాం.
ఇక్కడికొచ్చీసరికి మిల్లరు ఆగిపోనాది.
ఇక్కడ వోన.
గంటన్నర పరంజా కింద తలదాసుకున్నాం,
అసిరినాయుడు మేస్త్రి ఆకాశాన్నీ మమ్మల్నీ కలిపి తిట్టీసినాడు.
మళ్లీ ఎక్కి పోసినాం.
పాతదానికీ కొత్తదానికీ అతుకు ఇదిగో, ఈ మూలే.
నాకప్పుడు ఆరో నెల.

ఆ చివరి మాటా మిగతావాటిలాగే చెప్పి
తట్ట దించి, ఇటుక ముక్కతో
ఆ మూల మీద ఇంటూ గుర్తు పెట్టింది.

ఆ మూల కిందే నా పడకగది.
ఏటా శ్రావణంలో గోడ చెమ్మగిల్లేది.
ఏటా నేను రంగు కంపెనీ మార్చేవాణ్ణి.

మడి దూలం మీదికి జరిగింది,
సన్నగా, పొడుగ్గా, కాలవలా.
కవిటి నుంచి కొబ్బరి పొట్టు నాలుగు బస్తాలు,
నాగావళి ఒండ్రు ఒకపాలు, పశువుల గెత్తం ఒకపాలు.
పందిరికి ఇనప గొట్టాలన్నాను.
"తుపానుకి ఎగిరి ఎవుడి నెత్తిన పడతాయో" అని
వెదురు కట్టించింది కొబ్బరితాడుతో,
హెచ్చరిక వినగానే ఒక్క లాగుకి ఊడే జారుముడి.
నీళ్లు పోయే వాటం మాత్రం నేను చెప్పాను,
నూటికి ఒకటి. ఒప్పుకుంది.
ఉండాల్సిన దానికన్నా ఎక్కువే సంతోషపడ్డాను.

కూలి ఇస్తూ అడిగాను, ఆ ఆరో నెల బిడ్డ?
"ఆడగుంట సారూ. టెక్కలిలో నర్సు సదువుతంది.
మేడెక్కితే కళ్లు తిరుగుతాయంటాది."

ఇప్పుడు పందిరికి పదకొండు ఆనపపిందెలు.
పొట్ల ఒక్కటీ పట్టలేదు. వంగకి పురుగు.
ఇంటూ గుర్తు మూల ఖాళీగానే ఉంచాను.
అతుకు సందులో, ప్లానులో లేని గంగపావిలి
ఎర్రటి కాడలతో దానంతటది పాకింది.
నాకు ముచ్చటేసి నీళ్లు కూడా చల్లాను.
మొన్న తవిటమ్మ చూసి
"ఏరు దిగితే సీలిక పెరుగుతాది, తెలీదేటి" అని
మొదలంటా పీకి కొంగులో వేసుకుంది, పప్పులోకి.

రాత్రి ప్లాను తీశాను.
మా శాఖ కాగితాలకి అడుగున రెండు గళ్లుంటాయి:
గీసినవారు, సరిచూసినవారు.
మొదటి గడిలో నా పొట్టి సంతకం.
రెండో గడిలో తవిటమ్మ అని రాసి
ముందు ఇంటిపేరు కోసం చోటు వదిలాను.
తెలీదు.
శుక్రవారం గెత్తం తెస్తుంది. అడగాలి.