ఏడో గది గంట

తనిఖీవాళ్ళు ఎప్పుడూ చెప్పి వస్తారు.
చెప్పి వచ్చేరోజు మా హోములో కొత్త దుప్పట్లు దిగుతాయి,
వంటింట్లో ఎలుకబోను మాయమైపోతాది,
గోడమీది పూలపటం అంగుళం జరిగి
చెమ్మమచ్చను కప్పుకుంటాది.

ఈసారి చెప్పకుండా వచ్చింది.
మంగళవారం, తెల్లారుజామున నాలుగింటికి.
జహ్రా ఊరంతా ఇసుకగాలి
తలుపుల్ని గోళ్ళతో గీకుతాంది.
భుజాన సంచీ, పేరు నెస్రీన్ అనింది.
మా ముసిలోళ్ళ కంటే నెమ్మదిగా నడిచింది.

కొళాయి కింద థర్మామీటరు పెట్టింది.
నలభై మూడు. రాసుకునింది.
స్నానాల గదిలో పట్టుకునే కడ్డీని
తన బరువంతా వేసి గుంజింది,
గోడలోంచి పిడికెడు సున్నం రాలింది.
రాసుకునింది.
బయటికి పారిపోయే తలుపుకు అడ్డంగా
ఆరు చక్రాల కుర్చీలు. ఒక్కోటీ తానే తోసింది.
నిద్రపోతాండే హాజీ మడమను ఎత్తి
ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి, వదిలి,
రంగు మళ్ళీ వస్తాదా రాదా అని చూసింది.

ఆ చూపు నాకు తెలుసు.
గాలివీడు పక్కన కోళ్ళఫారంలో
గుడ్డును దీపానికెత్తి చూసేదాన్ని నేను.

రాత్రి డ్యూటీకి నేనూ, మారిసెల్.
ఇరవై రెండు మంచాలకు ఇద్దరం.
కాగితంలో నలుగురం.

ఏడో గదిలో లతీఫా.
వయసులో టెలిఫోను ఎక్స్చేంజీలో కూర్చుని
తీగలు గుచ్చి
ఊరిని ఊరితో మాట్లాడించిందంట.
ఇప్పుడు మంచం పక్క మీట
రాత్రంతా నొక్కుతాది.
పోతే నీళ్ళడగదు, దుప్పటడగదు.
"లైను కలిసిందా?" అంటాది.
కలిసింది అంటే కండ్లు మూస్తాది.
పది నిమిషాలు.

ఒక రాత్రి లెక్క పెట్టినా. నలభై ఒకటి.
నలభై రెండోసారికి
గంటపెట్టె వెనక తీగ పీకి
కొసకు తెల్లప్లాస్టరు చుట్టినా,
పుండుకు వేసే ప్లాస్టరే.
ఆ రాత్రి తక్కినోళ్ళందరికీ
టయానికి మందులు అందినాయి.
ఈ మాట నాకు నేను శానాసార్లు చెప్పుకున్నా.

నెస్రీన్ ఏడో గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.
మీట నొక్కింది.
చేతి గడియారం చూసుకుంటా ఊరికే కూర్చుంది.

నేను వసారాలో, తడిగుడ్డ పట్టుకుని.
గడియారం నాకు కనపడదు,
అయినా ప్రతి నిమిషమూ నా వీపుమీద పడతానే ఉంది.
లోపల లతీఫా ఆమె చెయ్యి పట్టుకుని
ఓదారుస్తాంది:
"లైను ఖాళీ లేదు బిడ్డా, కొంచెం ఆగు."

గుండీలు పెట్టుకుంటా మేనేజరు దిగొచ్చి
తప్పు కరెంటు పనోడి మీదికి తోసేసినాడు.
ఆ పనోడు బంగ్లాదేశీ పిల్లోడు, పోయిన నెలే చేరినాడు.
అప్పుడు లోపలికి పోయినా.
పీకింది నేనే అని చెప్పబోతే
ఆరేళ్ళ అరబ్బీ అంతా నాలుకమీద ఎండిపోయింది.
"అనా, అనా" అంటా
ఎదమీద చెయ్యి వేసుకున్నా.

కోప్పడలేదు. మెచ్చుకోనూ లేదు.
రాత్రికి ఎంతమంది, అనింది.
మేనేజరు దగ్గినాడు.
మారిసెల్ నేల చూసింది.
రెండు వేళ్ళెత్తినా.

ఒకదాని కింద ఒకటి రెండూ రాసింది,
గంట సంగతీ, మా లెక్కా.
ఏది పైన రాసిందో చూడాలని మెడ సాచినా.
కుడినుంచి ఎడమకు పోతా ఉండాయి అక్షరాలు.
నాకు చదవను రాదు.

నా జీతంలో ఇరవై దినార్లు కోసినారు.
కడ్డీకి సిమెంటు పడింది.
కుర్చీలు మళ్ళీ ఆ తలుపు దగ్గరికే చేరినాయి, మూడు.
రాత్రికి ఇప్పుడు ముగ్గురం, నలుగురం కాదు.
కొత్తామె పేరు త్సెహాయ్, ఇథియోపియా పిల్ల.

నిన్న ఏడో గది గంట మోగితే
నాకంటే ముందు తనే పరిగెత్తింది.
ఏం చెప్పాలో తెలీక గుమ్మంలో నిలబడింటే
వెనకనుంచి చెప్పినా:
కలిసింది అని చెప్పు, అంతే.

"ఎవరితో అని అడిగితే?"

రెండేళ్ళు ఆ గదికి తిరిగినా నేను.
ఒక్కసారన్నా నాకు తట్టలేదు ఆ మాట.