అడుగు బస్తా

కారిబూలో ఫిబ్రవరి.
రాత్రి డ్యూటీ దిగి తలుపు తీస్తే
ఇంట్లో నా ఊపిరి నాకు కనిపించింది.

పెల్లెట్ స్టవ్ మీద ఎర్ర దీపం
మూడుసార్లు మిణికి, ఆగి, మళ్లీ మూడుసార్లు.
పుస్తకంలో దాని అర్థం: మంట లేదు.
ఆ సంగతి నా ముక్కుకొన అప్పటికే చెప్పింది.

కోటు విప్పకుండానే దాని ముందు కూలబడ్డాను,
రోగి మంచం పక్కన కూర్చున్నట్టు.
ఎప్పట్నుంచి ఇలా?
ఆదివారం నుంచి.
మంట బద్ధకంగా, నారింజ రంగులో
జుట్టు విరబోసుకుని ఊగింది, గాజు నల్లబడింది.
చూశాను. చూసి నిద్రపోయాను.

మంటగిన్నె పైకి తీశాను.
అడుగున మాడిన పాకంలా చిట్టెం,
స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్లలుగా ఊడింది.
కన్నాలన్నీ పుల్లతో తెరిచాను.
తలుపు సందులో డాలరు నోటు పెట్టి, మూసి, లాగాను:
రాలేదు. చుట్టూ ఉన్న తాడు బాగానే ఉంది.
వెనక సన్న రబ్బరు గొట్టం పీకి ఊదాను:
మసి ఎగిరి నా యూనిఫాం మీద వాలింది.
ఇక వెలుగుతుందనుకున్నాను.

వెలగలేదు.
లోపలి మరస్క్రూ ఒక్కసారి మూలిగి
గొంతులో ముద్ద అడ్డంపడ్డవాడిలా ఆగిపోయింది.

రెనాల్డ్ మిషో వచ్చాడు, పక్కింటాయన,
నలభై ఏళ్లు బంగాళాదుంపలు పండించి
మోకాళ్లు రెండూ మార్పించుకున్నవాడు.
కొత్త మోకాలితో మొదటి అడుగు వేయించింది నేనే.
స్టవ్ వైపు చూడనైనా చూడలేదు.
"బస్తాలెక్కడ?" అన్నాడు.

గరాజ్‌లో, గోడకి ఆనించి.
అక్టోబరులో ఒక టన్ను, యాభై బస్తాలు
చెక్కపలకల మీద దిగాయి.
పలకలు కాలికి అడ్డమని నేనే పక్కన పారేసి
నేలమీద పేర్చాను.
సిమెంటే కదా, బురద కాదు కదా.
పక్కనే కారు. చక్రాలకంటిన మంచు
రోజూ కరిగి ఎటు పోతోందో అడగలేదు.

అడుగు బస్తా పట్టుకున్నాడు.
అది లేవలేదు, దిండులా వంగింది.
చిరుగులో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు.
గుళికలు లేవు. ఉబ్బి, విచ్చి, పొడి.
"దుంపకి చెమ్మ కావాలి, లేకపోతే ముడుచుకుంటుంది.
దీనికి చెమ్మే చావు.
సిమెంటు కూడా నీళ్లు తాగుతుంది, తెలుసా?
తాగి, పైనున్నవాడికి పోస్తుంది."

రంపప్పొట్టు! అన్నాను, తెలుగులోనే.
ఆయనకేం అర్థమైందో, తలూపాడు.

రాజమండ్రిలో మా పెద్దమ్మ సత్యవేణి
కోతమిల్లు పొట్టు గోనెతో తెప్పించేది.
ఇనప డబ్బా పొయ్యిలో నడుమ సీసా నిలబెట్టి
చుట్టూ పొట్టు కూరి, రోకలితో దట్టించి,
సీసా తిప్పుతూ పైకి లాగేటప్పుడు
ఊపిరి బిగబట్టేది.
గొయ్యి కూలిందా, ఆ పూట వంట గోవిందా.
పొట్టు చెమ్మగిల్లితే వంటిల్లంతా పొగ,
తిట్లన్నీ అమ్మిన అప్పన్నకి.
నేనెవర్ని తిట్టను?
మర నొక్కి గుళిక చేసిన పొట్టుని
నా గరాజ్ మళ్లీ పొట్టు చేసింది.

"ముందు ప్లగ్గు పీకు," అన్నాడు.
తొట్టి ఖాళీ చేసి, మూలల్లో నుసి వాక్యూంతో లాగి,
స్క్రూ దారిలో బిగిసిన ముద్దని
గరిట కాడతో, చెవిలో గుబిలి తీసినట్టు,
ఓపిగ్గా పెరికాను.
ప్లగ్గు పెట్టాక
మొదటి గుళిక గిన్నెలో టిక్కుమంది.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఇంకోటి.

బస్తాలన్నీ మళ్లీ ఎత్తాం,
అంటే ఆయన చెప్తూ, నేను మోస్తూ.
కింద పలకలు, గోడకి జానెడు ఎడం.
పనికొచ్చేవి పందొమ్మిది.
ఏప్రిల్ దాకా రెండుసార్లు లెక్కేశాను,
రెండుసార్లూ చాలలేదు.

పాడైన నాలుగూ ఇంటిముందు గడ్డకట్టిన దారిలో చల్లాను,
కాలు జారకుండా.
ఆ రాత్రి దాని మీదే నడిచి డ్యూటీకెళ్లాను.
బూట్లకంటుకుని వార్డు దాకా వచ్చింది.
కిటికీ పక్క మంచంలో ముసలాయన
కళ్లు తెరవకుండానే ముక్కు ఎగబీల్చి,
"ఎవరు కోస్తున్నారు కలప, ఈ వేళప్పుడు?" అన్నాడు.