ఐదు ఖాకీ చొక్కాలు

సింధియా దగ్గర స్టీలు సామాన్లవాడు
ఐదింటికీ కలిపి ఒక్క చిన్న గిన్నె ఇస్తానన్నాడు.
అమ్మ బేరమైనా ఆడలేదు.
మడత విప్పకుండా మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

యారాడ కొండ కనపడనంత వాన పట్టిన ఆదివారం
నేనే తీశాను, మా పిల్లదానికి బొంత కుడదామని.
కాలర్లు విప్పి, గుండీలు హార్లిక్స్ సీసాలో వేసి
జేబులు మాత్రం అలాగే ఉంచాను.
రాత్రిళ్ళు ఏదో ఒకటి దాచుకుంటుంది కదా.

షిప్పుయార్డులో వెల్డింగు రవ్వలు
నాన్న ఒంటి మీద చేసిన కన్నాలు
ముప్ఫై దగ్గర లెక్క మానేశాను.
ప్రతి కన్నానికీ అమ్మ రఫ్ఫు,
ఆవగింజంత, గుండ్రంగా,
కోపంగా లాగి ముడేసిన దారం.

ముక్కలు నేల మీద పరిచాను.
కళ్ళజోడు లేకుండానే
వేలితో తడుముకుంటూ పోయింది.
ఇది నాదే. ఇదీ నాదే.
ఇది నువ్వు కడుపులో ఉన్నప్పటిది.
ఎడమ చంక కింద వేలు ఆగిపోయింది.
"ఇది నాను కుట్నేదు."

వంకర టింకర కుట్లు.
నీలం నైలాను దారం, వలలు బాగుచేసేది.
నైట్ డ్యూటీలో ఎవర్నడిగి తెచ్చుకున్నాడో,
ఆ లావు వేళ్ళతో సూదిలోకి ఎలా ఎక్కించాడో,
ఇన్నేళ్ళూ
ఉతికిన చేతులకి కూడా ఎలా తెలియలేదో.

"సేతకాని పని" అంది అమ్మ.
ఆ ముక్కని నట్టనడుమ వెయ్యమంది.
కాసేపాగి,
"వొద్దు, అంచుకెయ్యి. మెడకాడికొచ్చీలా."

బొంత ఎవరికోసమన్నది
ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు.