అమహత్తు

మంగళవారం ఏడింటికి, హల్ లైబ్రరీ మేడ మీద
హీటర్ మూలుగుతుంటే
క్లైవ్, ప్లంబరు, అడుగుతాడు:
బల్ల ఆడదెలా అయింది?
అదే జవాబు చెబుతుందేమోనని పిడికిలితో తడతాడు కూడా.
ఓడీల్ టీచరు భుజాలెగరేస్తుంది.

నాకు నవ్వొస్తుంది.
మా వదిన వచ్చింది, బస్సూ వచ్చింది;
ఇద్దరికీ ఒకటే క్రియ సరిపెట్టాం.
నలభయ్యేళ్ళు మాట్లాడి
ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.

రాసి పలకని అక్షరాలెందుకండీ, అంటుంది ఐరిస్.
మా అరసున్నా అంతే,
ఉన్నన్నాళ్ళు నోరు మెదపకుండా ఉండి
ఓ రోజు లేచి వెళ్ళిపోయింది.

ఇవాళ్టి పాఠంలో
నువ్వు గుర్తొస్తున్నావని చెప్పాలంటే
నువ్వు నాకు కొరవడ్డావనాలిట.
"బాధపడేది నేను, ముందుండాల్సింది నేను కదా!"
క్లైవ్ గొణుగుడు.
నాకు ఆకలేస్తుంది, నాకు చలేస్తుంది,
మా వాక్యాల్లో 'నేను' ఎప్పుడో ఓ పక్కకి జరిగి కూర్చుంది.

ఐరిస్ దాన్ని రెండుసార్లు రాసుకుంది.
పక్కన ఓ పేరు: బిస్కట్.
పద్నాలుగేళ్ళ కుక్కట.
పెన్ను మూత పెట్టి, మెల్లగా అడిగింది:
పోయిన కుక్కని నువ్వనాలా, మీరనాలా?

ఓడీల్ ఈసారి
భుజాలెగరేయలేదు.