పొల్లు

సైదాపేట స్టేషను వెనక సందులో
మా గది కింద మూతబడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు.
బోర్డు మీద సగం అక్షరాలు వానకి పోయాయి.
ఎలక్ట్రిక్ రైలు వెళ్ళినప్పుడల్లా
గుడ్డ కప్పిన మిషన్లు
తమలో తాము రెండు మాటలు కొట్టుకుంటాయి.

ఆ రాత్రి మా గదికి మాత్రం ఫేజు పోయింది.
ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాను.
"ప్లగ్గు ఆ మూల. మాట్లాడొద్దు, సీరియల్ వస్తా ఉంది"
అన్నారు ఆండాళమ్మ గారు.

తెల్లారేసరికి ఒక చీరల కొట్టుకి పేజీ కావాలి.
యు ఎల్, పక్కన బాణం,
ఎల్ ఐ, నక్షత్రం, ఏడు,
మళ్ళీ బాణం, ఏ.
ట్యాబ్ నొక్కాను.
పంక్తిలో పరిచినట్టు
ఏడు ఖాళీ విస్తళ్ళు.

టీవీ గొంతు ఆగింది.
"మళ్ళీ చెయ్యి."
చేశాను.
"ముందు కొట్టిన ఆ పొట్టిది ఎక్కడికి పోయింది?"
విచ్చుకున్నాక అది ఉండదండీ.
"ఓహో" అని లేచి
బీరువాలోంచి ఒక నోటుబుక్కు తెచ్చారు.

సన్నగీత గీస్తే ప. అదే గీత ఒత్తి గీస్తే బ.
తమ విధేయుడు, అంతా కలిపి ఒకే వంకర.
ప్యారీస్ కార్నర్లో షిప్పింగు కంపెనీ,
దొర నోట్లో చుట్ట ఉండగానే
నిమిషానికి నూట ఇరవై మాటలు.
"ఒక్క పొల్లు పోనిచ్చేదాన్ని కాదు."
మరి అచ్చులు?
"అచ్చులకి టైమెక్కడిది?
చుక్కలు తర్వాత పెట్టుకుందాం అనుకుంటాం."

చివరి పేజీ ఆఫీసుది కాదు.
డెబ్బై నాలుగు, ఆగస్టు. తేదీ ఒక్కటే చదవొస్తుంది.
ఇంట్లో ఎవరికీ అర్థం కాకూడదని
తెలుగు మాటల్ని ఆ గీతల్లో రాసుకున్నారట.
ఎవరికీ అర్థం కాలేదు.
ఇప్పుడు ఆమెకీ కాదు.

"ప, ల.
పాలో, పూలో, పిల్లో.
పెన్సిలు అరిగి సన్నం లావూ కలిసిపోయాయి,
బ అయితే మళ్ళీ వేరే కథ."
గోటితో ఆ గీత మీద కాసేపు ఆగి
"నీ దాంట్లో పెట్టి ఆ మీట నొక్కు" అన్నారు.

రాదని చెప్పాల్సింది.
పి, ఎల్. రెండే అక్షరాలు. ట్యాబ్.
తెలియని మాటనైనా కాదనదు ఇది:
ముందొక తలుపు, వెనకొక తలుపు,
మధ్యలో ఏమీ లేదు,
కర్సరు మాత్రం కొట్టుకుంటోంది.

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని
ముందుకి వంగి చూశారు.
"ఇక్కడ ఏం రాయాలి?"
మీరే చెప్పాలి.
చాలాసేపు చూశారు. ఒక రైలు వెళ్ళింది,
మిషన్లు ఏదో అన్నాయి.
"ఉండనీ" అని
సీరియల్‌కి గొంతు తిరిగిచ్చారు.

కంచి, ఆరణి, వెంకటగిరి,
ఏడు విస్తళ్ళూ నింపుకుంటూ పోయాను.
ఆ ఒక్కటి తీసెయ్యడం మర్చిపోయాను,
మర్చిపోయాననే చెబుతాను.
అలాంటిదాన్ని పేజీ చూపించదు,
తప్పనీ అనదు.

పొద్దున పెరుంగుడిలో పళనివేల్
ఇరవై మూడో లైను మీద వేలు పెట్టాడు.
"పి ఎల్? ఏంటిది, ప్లీజా?"

ఆ మాట మాకు తట్టనే లేదు.
కావచ్చు, అన్నాను.